మేనమామ సంతకాలు

ఎనెలెసికి మేనమామ లేడు. సరస్సు ఒడ్డున మా ఊళ్ళలో ఆడదానికి తండ్రి లేకపోయినా గడుస్తుంది, మొగుడు లేకపోయినా ఏదో రకంగా గడుస్తుంది, మేనమామ లేకపోతే మాత్రం గడవదు. పెళ్ళి మాట్లాడేది ఆయనే, మొగుడు చెయ్యి చేసుకుంటే పంచాయితీ పెట్టించేదీ ఆయనే, చివరికి గొయ్యి ఎక్కడ తవ్వాలో చెప్పేదీ ఆయనే. ఎనెలెసి మేనమామ ఒక గాలివానలో పడవతో సహా సరస్సులో మునిగిపోయాడు. తల్లికి వేరే అన్నదమ్ములు లేరు. అప్పటికి ఎనెలెసికి పెళ్ళయి నాలుగేళ్ళు. మొగుడు బంగారం కదా, ఇక మామతో పనేముంటుంది అనుకుంది. మొగుడు బంగారమే గానీ కాస్త తిక్క బంగారం.

అతని పేరు లామెక్. కొండల వైపు నుంచి ఇల్లరికం వచ్చాడు. మా దగ్గర మగాళ్ళందరూ ఇల్లరికపు అల్లుళ్ళే కాబట్టి అందులో చిన్నతనం ఏమీ లేదు. మానును తొలిచి పడవలు చేసేవాడు. చేతిలో బాడిస ఎంత పదునో నోట్లో నాలుక అంత పదును. అత్తగారిని కూడా ఆటపట్టించేవాడు, ఆవిడ తిడుతూనే అతనికి పెద్ద చేప వడ్డించేది. ఎనెలెసి చేపలు పొగబెట్టి సంతలో అమ్మేది. ఇద్దరికీ పిల్లల్లేరు. ఉన్నదానితో హాయిగానే ఉన్నారు.

మా జిల్లాకి పార్టీ అధ్యక్షుడు ఫోస్తినో కపలముల. పొట్ట ముందు వస్తే ఆయన వెనక వచ్చేవాడు. ఆ రోజుల్లో పార్టీ కార్డు చూపించకపోతే సంతలోకి రానిచ్చేవాళ్ళు కాదు, బస్సు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు, కడుపుతో ఉన్న ఆడది రెండు కార్డులు కొనాల్సి వచ్చేది. ఆ కార్డులన్నీ కపలముల చేతుల మీదుగా వచ్చేవి. ఒక ఏడు ఆయన మేకలు లామెక్ కర్రపెండలం తోటలో పడి మూడొంతులు మేసేశాయి. భయపడి నోరు మూసుకోవాల్సింది పోయి లామెక్ వెళ్ళి ఊరి పెద్ద ముందు తగవు పెట్టాడు.

"మేక తెలివి లేనిది. దానికి గట్టు తెలుస్తుందా?" అన్నాడు కపలముల.

"మీ మేకల మెడలో పార్టీ కార్డు ఉందేమో చూడండి బాబూ," అన్నాడు లామెక్. "అందుకే ఎక్కడ పడితే అక్కడ దూరుతున్నాయి."

జనం నవ్వారు. పడీ పడీ నవ్వారు. ముసలి ఊరి పెద్ద కూడా చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు, రెండు మేకలు పరిహారంగా ఇమ్మని తీర్పు చెప్పాడు. కపలముల ఇచ్చాడు. మేకలు ఇవ్వడం ఆయనకి ఒక లెక్క కాదు. ఆ నవ్వే మింగుడు పడలేదు.

మూడు వారాలకి జీపు వచ్చింది. ఎనెలెసి పొగ మీద చేపలు తిరగేస్తోంది. ఒక పోలీసు కాగితం తీసి చదివాడు: లామెక్ అనే వ్యక్తి దేశ భద్రతకు ముప్పు, కాబట్టి తదుపరి ఆజ్ఞ వరకు నిర్బంధం. కింద దేశాధినేత సంతకం, గుండ్రంగా, బండిచక్రమంత.

"నేను దేశానికి ముప్పా?" అన్నాడు లామెక్. "కాస్త మా అత్తగారికి చదివి వినిపించండి. ఇన్నాళ్ళూ నన్ను దేనికీ పనికిరాడంటోంది."

ఆ కాగితం మీద సంతకం చూసి ఊరంతా ఒకే మాట అనుకుంది: పైవాడి కన్ను పడింది, ఇక చేసేదేం లేదు. రాజధానిలో కూర్చున్న మనిషికి మా ఊళ్ళో పడవలు చేసేవాడి మీద ఎందుకు కన్ను పడుతుందని ఒక్కరూ అడగలేదు. ఎనెలెసికీ తోచలేదు. పాపం ఆమె కూడా ఆయనే పట్టించాడని నమ్మింది. నమ్మింది గనకే ఆయన దగ్గరకే వెళ్ళాలనుకుంది.

ఆయన ఎవరంటారా? ఒకప్పుడు తెల్లవాళ్ళ సైన్యంలో గోదాము కాపలా కాసిన సార్జెంటు. దుప్పట్లు లెక్కపెట్టే చేతికి దేశం దొరికింది. గద్దె ఎక్కిన రెండో ఏడు, దేశంలో ఉన్న ఆడవాళ్ళందరికీ మేనమామని నేనే అని ప్రకటించుకున్నాడు. ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి ఆయన ఎక్కడ దిగినా ఆ ఊరి ఆడవాళ్ళు ఆయన మొహం అచ్చేసిన బట్ట కట్టుకుని ఎండలో నాట్యం చెయ్యాలి. ముందొక మొహం, వెనకొక మొహం. కూర్చున్నప్పుడల్లా దేశాధినేత మీద కూర్చున్నట్టే. దాని గురించి బయట నవ్వితే జైలు కాబట్టి ఆడవాళ్ళు ఇళ్ళలో నవ్వుకునేవాళ్ళు.

లామెక్ లోపలికి వెళ్ళిన ఏడాదికి ఆయన మా జిల్లాకి వస్తున్నాడని కబురొచ్చింది. నాట్యానికి ఆడవాళ్ళని సిద్ధం చేసే పని మలితా అనే పెద్దావిడది, ఎనెలెసి తల్లికి స్నేహితురాలు. తెల్లారగట్ల బయల్దేరే ముందు ఎనెలెసి నడుముకి బట్ట చుట్టుకుంటుంటే లోపల ఏదో కొట్టుకుంది.

"ఏంటే అది?" అంది మలితా.

"కోడి."

"కోడా! నాట్యానికి కోడెందుకే, పిచ్చిదానా?"

"మామ దగ్గరకి తగవుతో వెళ్ళేటప్పుడు కోడి లేకుండా ఎలా వెళ్తాను పిన్నీ?"

మా ఆచారం మలితాకి తెలియనిది కాదు. మేనకోడలు కోడిని తెచ్చి మామ కాళ్ళ ముందు పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంటుంది. మామ అడిగేదాకా మాట్లాడదు. ఆయన కోడిని ఎత్తుకున్నాడా, తగవు ఆయనది అయిపోయినట్టే, ఆ కోడి ఉడికేలోగా తేల్చాలి. నలుగురిలో కోడిని ఎత్తుకోని వాడు మామే కాదు.

"ఆయన ఉత్తుత్తి మామే తల్లీ," అంది మలితా గొంతు తగ్గించి.

"ఆయనే అంటున్నాడుగా, రేడియోలో రోజుకి నాలుగుసార్లు. ఉత్తుత్తి మామో అసలు మామో కోడిని పెడితే తేలిపోతుంది."

"కాల్చేస్తారే నిన్ను."

"కాల్చనీ. అప్పుడు మామ కాదని అందరికీ తెలుస్తుంది."

ఫుట్‌బాల్ మైదానంలో మూడు వందల మంది ఆడవాళ్ళు. ఎండ మాడుస్తోంది. దేశాధినేత వరసల మధ్యగా నడుస్తూ వచ్చాడు, చేతిలో గుర్రపు తోక విసనకర్ర. దగ్గరగా చూస్తే బట్ట మీది మొహం కంటే చిన్నవాడు, మెడ మీద చెమటకాయలు. ఎనెలెసి వరసలోంచి బయటికొచ్చి కోడిని ఆయన బూట్ల ముందు పెట్టి మోకాళ్ళ మీద కూలబడింది. డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కాపలా సిపాయి ఒకడు తుపాకీ ఎత్తాడు. కోడి మాత్రం చుట్టూ చూసి గింజల కోసం నేల పొడవడం మొదలుపెట్టింది.

మూడు వందల మంది మేనకోడళ్ళు చూస్తున్నారు. రేడియోవాళ్ళ మైకు తెరిచే ఉంది. ఆయన కాసేపు కోడి వైపు చూశాడు, తర్వాత వంగి ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళు వేసిన కేకకి సరస్సు అవతలి పిట్టలు కూడా లేచి ఉంటాయి.

"చెప్పమ్మా మేనకోడలా. ఏంటి నీ తగవు?"

"నా మొగుడు నీ జైల్లో ఉన్నాడు మామా. లామెక్ అని, పడవలు చేస్తాడు. ఏం తప్పు చేశాడో చెప్పు. తప్పు లేకపోతే ఇచ్చెయ్."

ఆయన పక్కకి తిరిగాడు. మంత్రులు నేల చూపులు చూశారు. "ఎవడీ లామెక్?" అన్నాడు. ఆ గొంతులో నటన లేదు. ఆయనకి నిజంగానే తెలియదు. ఎనెలెసి మోకాళ్ళ మీద ఉండగానే ఆ సంగతి పట్టేసింది.

కపలముల ముందుకి ఉరికి నేల మీద పడుకున్నంత పని చేశాడు. "తమరి ఆజ్ఞే ప్రభూ. తమరి సంతకమే."

దేశాధినేత ఆయన వైపు కాస్త ఎక్కువసేపే చూశాడు. "సరే, ఇదీ నా ఆజ్ఞే. వాణ్ణి విడిచిపెట్టు," అన్నాడు. ఆ మాట రేడియోలో దేశమంతా విన్నది. ఆడవాళ్ళు ఎనెలెసిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. కోడి అధినేత గారి వంటవాడి చేతుల్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎనెలెసి ఉతికిన చొక్కా, మొక్కజొన్న సంగటి, చేప పట్టుకుని జైలు దగ్గరికి వెళ్ళింది. జైలు అధికారి చిగోనా మంచివాడో చెడ్డవాడో చెప్పలేం. ఉద్యోగం పోతుందేమోనని భయపడేవాడు, అంతే.

"నేనూ విన్నానమ్మా రేడియోలో. నా చెవులారా విన్నాను."

"అయితే తలుపు తియ్యండి."

"చెవులతో విన్నదానికి తలుపు ఎలా తీస్తాను? కాగితం మీద లోపలికొచ్చాడు, కాగితం మీదే బయటికెళ్ళాలి. రేపు ఎవరైనా 'నిన్నెవరు వదలమన్నారు' అంటే రేడియోని చూపించనా?"

కాగితం కోసం పోలీసు స్టేషనుకి వెళ్ళింది. కాగితం పార్టీ ఆఫీసు నుంచి రావాలన్నారు. పార్టీ ఆఫీసులో కపలముల ఆమెని సాయంత్రం దాకా నిలబెట్టాడు.

"ఆయన నోటితో అన్నాడు. చేత్తో అనలేదుగా," అన్నాడు. "పెద్దవాళ్ళు జనం ముందు సవాలక్ష అంటారు. అవన్నీ పట్టుకుంటే రాజ్యం నడుస్తుందా?"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దేశాధినేత పెదవి దాటిన మాట మా జిల్లా జైలు గేటు దాటలేకపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. పట్టుకో అంటే ఎగబడి పట్టుకునే వంద చేతులు విడిచిపెట్టు అనేసరికి పక్షవాతం వచ్చినట్టు పడిపోయాయి. ఎందుకో తెలుసా? పట్టుకున్నవాడికి ఎప్పుడూ శిక్ష పడలేదు. వదిలినవాడికే పడేది. ఈ సూత్రం ఆయనే నేర్పాడు. నేర్చుకున్నవాళ్ళు ఆయనకే తిప్పికొట్టారు.

ఎనెలెసి అక్కడితో ఆగే మనిషి కాదు. చేపల లారీ ఎక్కి రెండు రోజులు ప్రయాణించి రాజధానికి వెళ్ళింది. అధినేత కార్యాలయంలో ఒక ముసలి గుమాస్తా ఆమె తల్లి వంశం వాడని ఎవరో చెప్పారు. మా దగ్గర ఒకే వంశమంటే అన్నాచెల్లెళ్ళతో సమానం. ఆయన మొదట భయపడ్డాడు, తర్వాత ఆమె రోజూ వచ్చి గోడ పక్కన కూర్చోవడం చూసి సిగ్గుపడ్డాడు.

"ఆయన్ని మళ్ళీ అడగొద్దు చెల్లీ," అన్నాడు. "అడిగితే ఆలోచిస్తాడు. ఆలోచిస్తే అనుమానపడతాడు. సోమవారం సంతకాల కట్ట లోపలికి వెళ్తుంది, నీ కాగితం మధ్యలో పెడతాను. ఆయన చదవడు."

"ఏదీ చదవడా?"

"పదేళ్ళుగా చదవగా చూడలేదు. కట్టలో సగం కాగితాలకి పేరు కూడా ఉండదు. నిర్బంధం కాగితాలు వట్టివే సంతకం పెట్టించి జిల్లాకి వందేసి పంపుతాం. పేరు అక్కడ రాసుకుంటారు."

"అయితే నా మొగుణ్ణి పట్టించింది…" అని ఆగిపోయింది ఎనెలెసి.

"నాకేం తెలుసు చెల్లీ. ఇక్కడి నుంచి వట్టి కాగితమే వచ్చింది," అన్నాడు గుమాస్తా.

ఆ సోమవారం కాకుండా పై సోమవారం సంతకం అయింది. ఎనెలెసి ఆ కాగితాన్ని రవికెలో దాచుకుని వచ్చింది. చిగోనా దాన్ని ఎండకి పట్టి చూశాడు, ముద్ర చూశాడు, గుండ్రటి సంతకం చూశాడు. ఒక సిపాయితో పార్టీ ఆఫీసుకి కబురు పంపి, ఆ తర్వాతే తాళంచెవి తీశాడు. ఆ కబురు పంపడం కుట్ర కాదు. అలవాటు. ఆ అలవాటే కొంప ముంచింది.

లామెక్ బయటికొచ్చాడు. ఎముకల మీద చర్మం కప్పినట్టున్నాడు, పళ్ళు రెండు లేవు. ఆమెని చూసి, "ఏమే, ఇంత చిక్కావేంటి? వంట మానేశావా?" అన్నాడు. ఎనెలెసి ఏడుస్తూ నవ్వుతూ గేటు పక్క రాయి మీద కూర్చోబెట్టి సంగటి మూట విప్పింది. అతను రెండు ముద్దలు తిన్నాడు. మూడోది చేతిలో ఉండగా జీపు వచ్చింది.

కపలముల దిగాడు. కోపంగా లేడు, తీరిగ్గా ఉన్నాడు. తోలు సంచీలోంచి ఒక కాగితం తీసి జీపు ముందు భాగం మీద పరిచి జేబులో పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాడు. ఎనెలెసి దగ్గరికి వెళ్ళి చూసింది. అడుగున సంతకం అప్పటికే ఉంది. పైన లామెక్ పేరు సిరా ఇంకా తడిగా మెరుస్తోంది.

"ఇదిగో," అని చిగోనాకి ఇచ్చాడు.

చిగోనా ఒక చేత్తో పాత కాగితం, ఇంకో చేత్తో కొత్త కాగితం పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "రెండూ ఆయన సంతకాలే," అన్నాడు నీరసంగా. "విడుదల కాగితం తారీకు పోయిన సోమవారం. ఇది ఈ రోజుది. కొత్త ఆజ్ఞ వస్తే పాతది చెల్లదమ్మా."

"ఆయనే రాశాడు! మీ కళ్ళ ముందే రాశాడు!" అని అరిచింది ఎనెలెసి.

"సంతకం చూస్తాం గానీ పేరు ఎవరు రాశారో చూడం కదా."

లామెక్ లేచాడు. చేతిలో ముద్దని మళ్ళీ మూటలో పెట్టాడు. "చల్లారిపోతుంది, నువ్వు తినెయ్యి," అన్నాడు. గేటు లోపలికి వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి కపలములని చూసి నవ్వబోయాడు గానీ, ఆ నవ్వు రాలేదు. ఎనెలెసి అతన్ని చూడడం అదే ఆఖరు. నాలుగో వానాకాలంలో జ్వరంతో పోయాడని చెప్పి చొక్కా ఇచ్చి పంపారు. గొయ్యి ఎక్కడో చెప్పలేదు.

ఇంకో మూడేళ్ళకి దేశాధినేత పతనమయ్యాడు. ఒక ఉదయం సైనికులు వెళ్ళి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ఆయన్ని బండి ఎక్కించారు. ఎవరూ అడ్డుపడలేదు. అంతా ఆయన గుప్పిట్లో ఉందని పదిహేడేళ్ళు చెప్పిన దేశంలో ఆయన కోసం తలుపు మూసేవాడు కూడా దొరకలేదు. ఆయన మీద జాలిపడమని చెప్పడం లేదు. వట్టి కాగితాల మీద సంతకాలు గిలికి కుక్కలకి విసిరినవాడు, ఏ చెరలో కుళ్ళినా తక్కువే. కానీ ఆయన పోయిన మర్నాటికే దేశంలో ఎక్కడా ఒక్క పాపాత్ముడు మిగల్లేదు. పాపాలన్నీ ఆయన పెట్టెలో సర్ది పంపించేశారు.

కొత్త ప్రభుత్వం పాత అన్యాయాల మీద విచారణ సంఘం వేసింది. మా జిల్లా హాల్లో రిటైరైన జడ్జి ఒకాయన కూర్చున్నాడు. పక్కన ఒక కుర్ర గుమాస్తా సాక్ష్యాలు రాస్తున్నాడు. మొదట పిలిచింది కపలములని. ఆయన కొత్త పార్టీ పసుపు టోపీ పెట్టుకుని వచ్చాడు, పొట్ట మాత్రం పాతదే.

"ఆయన కన్నెర్ర చేస్తే ఆకు కదిలేది కాదయ్యా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "మేమెంత? ఆయన ఆడించిన బొమ్మలం. ఆయన మాట జవదాటితే ప్రాణం దక్కేదా?"

హాల్లో కొందరు పాపం అన్నట్టు నాలుక చప్పరించారు. జడ్జి కూడా తల ఊపాడు. వెనక బెంచీ మీంచి ఎనెలెసి లేచి నిలబడింది. పిలవకుండానే ముందుకి నడిచింది.

"నీ వంతు ఇంకా రాలేదమ్మా," అన్నాడు జడ్జి.

"నేను సాక్ష్యం చెప్పడానికి రాలేదు బాబూ. ఈయన్ని ఒక్క మాట అడిగి పోతాను." కపలముల వైపు తిరిగింది. "ఆకు సంగతి వదిలెయ్. ఫుట్‌బాల్ మైదానంలో ఆయన నీతో ఏమన్నాడు?"

"ఎన్నో అంటాడమ్మా. గుర్తు లేదు."

"నాకు గుర్తుంది. ఇక్కడున్న ఆడవాళ్ళందరికీ గుర్తుంది. విడిచిపెట్టు అన్నాడు. మాట జవదాటితే ప్రాణం పోతుందంటున్నావు. మరి ఆ మాట దాటావు, పోలేదేం?"

"అది… కాగితం రాలేదు కదా…"

"వచ్చింది. రవికెలో పెట్టుకుని తెచ్చాను. అప్పుడూ దాటావు. ఒకసారి నోటితో చెప్పాడు, ఒకసారి చేత్తో చెప్పాడు. రెండుసార్లూ వినలేదు. అంత పెద్ద రాజు మాట వినని మొగాడివి ఈ జిల్లాలో నువ్వొక్కడివే ఉన్నావు. ఎందుకు వినలేదో చెప్పు."

"సంతకం ఆయనదే!"

"పేరు ఎవరు రాశారు?"

కపలముల జడ్జి వైపు చూశాడు. ఆడవాళ్ళు బెంచీల మీంచి ముందుకి వంగారు. ఏడేళ్ళ కిందట ఊరి పెద్ద ముందు ఎక్కిన రక్తం కపలముల మొహంలోకి మళ్ళీ ఎక్కింది.

"విడిచిపెడితే ఏమయ్యేది?" అని ఒక్కసారిగా అరిచాడు. "నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసినవాణ్ణి! ఆయన కోడిని పట్టుకుని రాజధానికి పోతాడు. ఇక్కడ ఉండాల్సింది నేను! ఆయన మాట నేను వింటే ఈ జిల్లాలో నా మాట ఎవడు వింటాడే?"

అన్నాక తనేమన్నాడో తెలిసి కపలముల నోరు మూసుకున్నాడు. గుమాస్తా పెన్ను గాల్లో ఆపి జడ్జి మొహం చూశాడు, రాయాలా వద్దా అని.

ఎనెలెసి బల్ల మీద చెయ్యి పెట్టింది.

"ఆపావేం నాయనా? రాయి," అంది. "ఈయన ఎలా అన్నాడో అలాగే రాయి. పైన ఈయన పేరు కూడా రాయి."